ఆయాసం ఉందా, లేదా?

మా క్యాంటీన్లో వడ్డించే పిన్ని మీద నాకున్న ఫిర్యాదు చిన్నదే. "కొంచెం" అనే మాటకి ఆవిడకి అర్థం తెలియదు. కొంచెం అన్నం పెట్టండి పిన్నీ అంటే గరిటె పక్కన పెట్టి గిన్నే వంచుతుంది. చాలు అంటే ఆవిడ చెవికి ఇంకోసారి అని వినపడుతుంది. చెయ్యి అడ్డం పెడితే చేతి మీదే వడ్డిస్తుంది. చారు కూడా అలాగే వడ్డిస్తుందని ఒకసారి తెలిశాక చెయ్యి అడ్డం పెట్టడం మానేశాను. ఆకలి తీరిపోయాక కూడా పావుగంటసేపు తినడం ఎలాగో పదేళ్ళలో నేర్చుకున్నాను. ఆ తర్వాత కుర్చీలో వెనక్కి వాలి, బెల్టు ఒక బెజ్జం వదులు చేసి, ఎవరైనా పలకరిస్తే కనుబొమలతో జవాబు చెప్పే స్థితి ఒకటి వస్తుంది. దాన్నే భుక్తాయాసం అంటారు. అది జబ్బు కాదు. జబ్బే అయితే మధ్యాహ్నం రెండింటికి కృష్ణా జిల్లా మొత్తం ఆస్పత్రిలో ఉండాలి.

ఈ ఫిర్యాదు నేను ఇంతవరకూ ఎవరికీ చేయలేదు. పిన్ని వింటే ఆ రోజు ఇంకో గిన్నె వంచుతుంది. ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ఆ భుక్తాయాసం పోయినేడు మా ఆఫీసు కాగితాల్లోకి ఎక్కింది. ఎక్కించింది నేనే.

బందరు నుంచి గుడివాడ వెళ్ళే రోడ్డు మీద, రొయ్యల్ని శుభ్రం చేసి, గడ్డకట్టించి విదేశాలకి పంపే ఫ్యాక్టరీలో నేను సేఫ్టీ ఆఫీసర్ని. చదివిన చదువుకీ చేసే ఉద్యోగానికీ సంబంధం కుదిరిన అరుదైన మనుషుల్లో ఒకణ్ణి. కాలేజీలో నల్లబల్ల మీద చూసిన అమ్మోనియా ఇక్కడ గొట్టాల్లో తిరుగుతుంది. రొయ్యని గడ్డకట్టించేది అదే. గొట్టంలో ఉన్నంతసేపూ పెద్దమనిషి. బయటికొస్తే మాత్రం కళ్ళనీ ముక్కునీ ఊపిరితిత్తుల్నీ ఒకేసారి పలకరిస్తుంది.

అది బయటికొచ్చినప్పుడు లోపలికెళ్ళి వాల్వు కట్టే జట్టు ఒకటుంది. పదకొండు మంది. ముఖమంతా కప్పే మాస్కు, వీపున గాలి సిలిండరు. ఆ జట్టుకి పెద్ద, కంప్రెసర్ రూములో సీనియర్ ఆపరేటరు. ఆయన్ని అందరూ మావయ్య అంటారు. మేనేజరుగారు కూడా మీటింగుల్లో ఇంగ్లీషు మాట్లాడుతూ మాట్లాడుతూ "మావయ్య" దగ్గర తెలుగులోకి దిగుతారు. ఆయనది దివిసీమ, నాగాయలంక దగ్గర పల్లె. ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఆ గదిలో ఉన్నాడు. మిషను చప్పుడు విని దానికి ఎక్కడ నొప్పో చెబుతాడు. మేం మీటర్లు చూసి, ఆయన చెప్పింది నిజమేనని పుస్తకంలో రాసుకుంటాం. సెలవు దొరికిన ఆదివారం వాళ్ళ ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఆయనే. మిషన్ల మధ్య అరిచి అరిచి గొంతు అలా తయారైందని ఆయనా, మైకు కొనే బాధ తప్పిందని పాస్టరుగారూ అంటారట.

పోయినేడు విదేశీ కొనుగోలుదారుల తరఫున ఒక ఆడిటరు వచ్చాడు. మాస్కులు చూశాడు, సిలిండర్లు చూశాడు, బావున్నాయన్నాడు. తర్వాత మెత్తగా ఇంకో మాట అడిగాడు. ఇవి వేసుకునేవాళ్ళు వేసుకోగలరని డాక్టరెవరైనా రాసిచ్చారా? మేం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. మాస్కు ఊపిరిని కాపాడుతుందని మాకు తెలుసు. మాస్కు వేసుకోవాలంటే ముందు కాస్త ఊపిరి ఉండాలన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆయనే విడమరిచి చెప్పాడు. మాస్కు లోపల గాలి పీల్చడానికీ వదలడానికీ మామూలుకన్నా కష్టపడాలి, పైన బరువు, లోపల వేడి. గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో లోపం ఉన్నవాడు గ్యాసు వల్ల కాకుండా మాస్కు వల్లే పడిపోవచ్చు.

ఆ సాయంత్రమే ఆర్డరు వచ్చింది. డాక్టరు కాగితం లేనివాళ్ళెవరూ నెల తర్వాత కంప్రెసర్ రూములో ఉండకూడదు. కాగితం రానివాళ్ళని ప్యాకింగులో వేస్తారు. జీతంలో తేడా ఉండదు. అయినా కంప్రెసర్ ఆపరేటర్ని ప్యాకింగులో వెయ్యడమంటే బస్సు డ్రైవర్ని వెనక సీట్లో కూర్చోమనడమే. మావయ్య ఆర్డరు చదివి మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. నోటీసు బోర్డు మీది కాగితం అలా తీసుకెళ్ళకూడదని చెప్పాలనుకున్నాను గానీ, ఆయన ముఖం చూసి ఇంకోటి ప్రింటు తీసి అంటించాను.

ఆడిటరు ఇచ్చిన ప్రశ్నల ఫారం ఇంగ్లీషులో ఉంది. దాన్ని తెలుగు చేసే పని నాకు అప్పగించారు, నాకు రెండు భాషలూ వచ్చని ఫ్యాక్టరీలో ఒక వదంతి ఉంది కాబట్టి. ఒక రాత్రి కూర్చుని పూర్తి చేశాను. మర్నాడు చదువుకుంటే నాకే ముచ్చటేసింది. మీకు ఆయాసం వస్తుందా? ఎప్పుడైనా ఊపిరాడని పరిస్థితి కలిగిందా? మూసి ఉన్న గదిలో భయం వేస్తుందా? వాసనలు గుర్తుపట్టడంలో ఇబ్బంది ఉందా? తెలుగు ఇంత తేటగా ఉంటే ఇంకేం కావాలి అనుకున్నాను.

నిండిన ఫారాలు మూడు రోజుల్లో నా బల్ల మీదికొచ్చాయి. పదకొండు మందికీ ఆయాసం ఉంది. పదిమందికి "రోజూ." ఎప్పుడు అన్నచోట "మధ్యాహ్నం" అని కొందరు, "భోజనం అయినాక" అని కొందరు. ఒకతను ఇంకా వివరంగా, "మామూలు రోజుల్లో అరగంట, ఆదివారం సాయంత్రం దాకా" అని రాశాడు. ఊపిరాడని పరిస్థితి అన్నచోట దాదాపు అందరిదీ ఒకటే మాట: "సీజన్లో అస్సలు ఊపిరాడదండి." చెరువులన్నీ ఒకేసారి పట్టుబడికి వచ్చే రోజుల్లో మా ఫ్యాక్టరీ గురించి అంతకన్నా నిజం ఎవరూ రాయలేరు. మూసిన గదిలో భయం వేస్తుందా అంటే ఒక కొత్త పెళ్ళికొడుకు "మా మావగారింట్లో" అని రాశాడు. వాసనల దగ్గర అందరూ "అలవాటైపోయింది" అన్నారు. రొయ్యల ఫ్యాక్టరీలో ఆ ప్రశ్న వేసినవాడిదే తప్పు.

నేను అవన్నీ అలాగే కవర్లో పెట్టి గుడివాడ పంపాను. అక్కడ ఫ్యాక్టరీలకి ఇలాంటి పరీక్షలు చేసే ఛాతీ డాక్టరమ్మ ఉన్నారు. మర్నాడు పొద్దున్నే ఫోను చేశారు. ఆవిడ గొంతులో గాభరా లేదు గానీ, గాభరా పడవలసినవాణ్ణి నేనని తెలిసేలా మాట్లాడారు. మీ దగ్గర పదిమందికి రోజూ ఆయాసం వస్తుంటే, గదిలో ఊపిరాడకపోతే, ఏ వాసనా తెలియకపోతే మీరు చెప్పాల్సింది నాకు కాదు కదండీ, కలెక్టరుగారికి అన్నారు.

భుక్తాయాసం గురించి చెప్పాను. ఊపిరి సలపకపోవడం గురించి చెప్పాను. తర్వాత తెలిసింది, ఆవిడ ఫోను చేత్తో మూసి నవ్వుతున్నారట. నవ్వడం అయ్యాక, ఫారాలు వెనక్కి పంపుతున్నాను, ఒక్కొక్కళ్ళనీ కూర్చోబెట్టి వాళ్ళ ఉద్దేశం కనుక్కుని సరిచేసి తీసుకురండి, మీరు రాసింది తప్పేం కాదు, మనుషులు మాట్లాడే తెలుగు అంతే అన్నారు. ఆ చివరి మాట నాకు నచ్చింది. మిగతావి అంత శ్రద్ధగా వినలేదు.

సరిచేసే కార్యక్రమం క్యాంటీన్లోనే పెట్టాను. విషయం చేతికందే దూరంలో ఉంటే మంచిదని. ఒక్కొక్కణ్ణీ పిలిచి, ఏరా, ఈ ఆయాసం పిన్ని పుణ్యమేనా అని అడగడం, వాడు సిగ్గుపడటం, నేను "ఉంది" కొట్టేసి "లేదు" అని రాయడం, పక్కన "భుక్తాయాసం" అని వివరణ ఇవ్వడం, వాడు సంతకం పెట్టడం. పిన్ని వింటూనే ఉంది. నా అన్నం తిని నామీదే కాగితాలు రాస్తున్నారా అని ఒకసారి గరిటె ఊపింది. మోపిదేవి మొక్కు కోసం గడ్డం పెంచుతున్న ఒకతనికి, గడ్డం ఉంటే మాస్కు రబ్బరు ముఖానికి అతుక్కోదని కూడా అప్పుడే చెప్పాను. స్వామి ఒక నెల ముందు తీసుకుంటే ఏమీ అనుకోడు లెండి అని వాడే తేల్చుకుని ఆ వారమే వెళ్ళి ఇచ్చొచ్చాడు.

ఆ రోజు మావయ్య లేడు. మేనకోడలి కూతురి పుట్టినరోజని ఊరెళ్ళాడు. ఆయన ఫారం తీసి చూశాను. ఆయాసం: ఉంది. అంతే రాశాడు. ఎప్పుడు, ఎంతసేపు అన్నచోట ఖాళీ. మావయ్య పళ్ళెం నేను చూడనిది కాదు. పిన్ని అడక్కుండా రెండోసారి వడ్డించే ఒకే ఒక్క మనిషి ఆయన. చేపల పులుసున్న రోజు ఆయన లేచి చెయ్యి కడుక్కునేసరికి తర్వాతి షిఫ్టు వస్తుంది. ఈ ఒక్క ఫారం కోసం ఇంకో రోజు ఆగడం ఎందుకనిపించింది. "ఉంది" కొట్టేశాను. "లేదు" రాశాను. పక్కన "భుక్తాయాసం (తీవ్రమైనది)" అని కూడా రాశాను. మర్నాడు ఆయన డ్యూటీకి రాగానే కాగితాల మధ్యలో పెట్టి సంతకం చేయించాను. నేను ఇచ్చినదేదైనా ఆయన చదవకుండా సంతకం పెడతాడు. అది నా మీద గౌరవం అని అప్పట్లో అనుకునేవాణ్ణి.

నాలుగు రోజుల తర్వాత పదకొండు మందినీ ఫ్యాక్టరీ వ్యానులో ఎక్కించుకుని గుడివాడ బయల్దేరాం. పెడన దాటేదాకా పాటలు, గుడ్లవల్లేరు దాటేదాకా ఇడ్లీ ఎక్కడ తినాలన్న చర్చ. పరీక్షకి ముందు కడుపు నిండా తినకూడదని నేను చెబితే, మళ్ళీ ఆయాసం ఉందని రాస్తారేమో సారు అని వెనక నుంచి ఎవరో అన్నారు. వ్యానంతా నవ్వింది. మావయ్య కిటికీ పక్కన కూర్చుని వరి చేలు చూస్తున్నాడు.

డాక్టరమ్మ క్లినిక్కు మందుల కొట్టు మీద రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. ఛాతీ డాక్టరు లిఫ్టు లేని మేడ మీద ఉండటంలో ఒక సౌకర్యం ఉంది, అక్కడిదాకా ఎక్కగలిగినవాళ్ళు సగం ఆరోగ్యవంతులే. మావాళ్ళు పోటీ పెట్టుకుని ఎక్కారు. మావయ్య మొదటి అంతస్తులో ఫోటో స్టూడియో బోర్డు దగ్గర ఆగాడు. దాని మీద పెళ్ళి ఫోటోల రకాలన్నీ రాసి ఉన్నాయి. ఆయన పిల్లలిద్దరి పెళ్ళిళ్ళూ ఎప్పుడో అయిపోయాయి. అయినా నాకేం అనిపించలేదు.

ఊదే పరీక్ష మొదలైంది. బట్టలారేసే క్లిప్పు లాంటిది ముక్కుకి పెట్టి, నోట్లో గొట్టం పెట్టి, గుండెల నిండా పీల్చి ఒక్క దమ్మున ఊదాలి. అక్కడున్న టెక్నీషియన్ అమ్మాయి సన్నగా ఉంటుంది. ఆమె గొంతు మాత్రం తిరునాళ్ళలో మైకు. ఊదండి ఊదండి ఊదండి, ఇంకా ఇంకా ఇంకా అంటూ ఆమె అరుస్తుంటే మా క్యాంటీన్ పిన్నికి ఈమె చుట్టమేమో అని మావాళ్ళు గుసగుసలాడారు. ఒకతను గొట్టం చూడగానే, పొద్దున్నించీ ఏమీ తాగలేదమ్మా అని ముందే చెప్పేశాడు. పదిమందీ బాగానే ఊదారు. డాక్టరమ్మ ఒక్కొక్కడినీ పిలిచి బీపీ చూసి, గుండె విని, ఫారం చదివి, రెండు ప్రశ్నలు అడిగి సంతకం పెడుతున్నారు. భుక్తాయాసం వచ్చిన ప్రతిసారీ పెదవి బిగబట్టుకుంటున్నారు. నేను గోడకి ఆనుకుని, ఈ నవ్వుకి కారణం నేనే అన్న తృప్తిలో ఉన్నాను.

చివర మావయ్య వెళ్ళాడు. డాక్టరమ్మ ఫారం చదివి, "తీవ్రమైనది" దగ్గర ఆగి, నవ్వు ఆపుకుంటూ ఆయన వైపు చూశారు. ఆయన నవ్వలేదు.

"అది నేను రాయలేదమ్మా. ఉంది అని ఒక్క ముక్కే రాశాను."

ఆవిడ ఫారం తిప్పి, కొట్టివేత మీద వేలు పెట్టి నా వైపు చూశారు. నేను గోడని వదిలి నిటారుగా నిలబడ్డాను. మావయ్య నా వైపు చూడలేదు. ఆవిడకే చెప్పాడు, మిషను సంగతి చెప్పినట్టు, వరసగా. కొన్ని నెలలుగా ట్యాంకు మీది నిచ్చెన సగం ఎక్కాక ఆగాల్సి వస్తోంది. చర్చిలో మూడో చరణం దగ్గర ఊపిరి చాలక, జనం ఎత్తుకునేదాకా చేతులు ఊపుతూ నిలబడుతున్నాడు. భక్తి ఎక్కువైందనుకుంటున్నారు అందరూ. తెల్లవారుజామున ఛాతీలో పిల్లికూతలు. తిండికీ దీనికీ సంబంధం లేదు.

డాక్టరమ్మ అడిగారు, ఇప్పుడే ఎందుకు చెబుతున్నారు, సంతకం కూడా పెట్టేశారు కదా అని. ప్యాకింగులో వేస్తారన్న భయం లేదా అని కూడా అడిగారు. ఉందన్నాడు. రాత్రి ఆ గది చప్పుడు లేకపోతే తనకి నిద్ర కూడా సరిగా పట్టదన్నాడు. ఆ తర్వాత ఇలా అన్నాడు.

"మాస్కు పెట్టుకుని నేను లోపల పడిపోయాననుకోండి. నన్ను మొయ్యడానికి ఇద్దరు రావాలి. ఇంక వాల్వు ఎవరు కడతారమ్మా?"

అప్పుడు ఊదించారు. టెక్నీషియన్ అమ్మాయి ఎంత అరిచినా మిషను తెర మీది గీత పైకి లేవలేదు. మూడుసార్లు ఊదాక ఆమె అరవడం మానేసి నీళ్ళిచ్చింది. మందు పీల్పించి, ఇరవై నిమిషాలు బెంచీ మీద కూర్చోబెట్టి మళ్ళీ ఊదించారు. ఆ ఇరవై నిమిషాలూ నేను ఆయన పక్కనే కూర్చున్నాను. నా దగ్గర ఎప్పుడూ నాలుగైదు జోకులు సిద్ధంగా ఉంటాయి. ఒక్కటీ పనికిరాలేదు. రెండోసారి గీత లేచింది, బాగానే లేచింది. డాక్టరమ్మ కాగితం ఎత్తి చూపిస్తూ, గాలిగొట్టాలు బిగుసుకున్నాయి, మందుకి వదులవుతున్నాయి, అది మంచి సంగతే అన్నారు. చిన్న చిన్న లీకులకి మాస్కు ఎందుకులే అని ఉత్తినే వెళ్ళేవారా అని అడిగారు. వెళ్ళేవాణ్ణమ్మా అన్నాడు. ఇంక వెళ్ళకండి అన్నారు. ఆరు వారాలు రోజూ మందు పీల్చాలి, మళ్ళీ రావాలి, అప్పటిదాకా మాస్కూ వద్దు, ఆ గదీ వద్దు. ఆరు వారాల తర్వాత కాగితం ఇస్తారా అని ఆయన అడిగితే, ఇస్తానని ఇప్పుడు చెప్పను, ఊపిరి చెప్పాలి అన్నారు.

తిరుగు ప్రయాణంలో, తప్పు నాదే మావయ్యా అన్నాను. మీరు నవ్వించాలని చేశార్లెండి సార్ అన్నాడు. నాకు అది క్షమించినట్టే వినపడింది. మిగతా దారంతా ఆయన మందు డబ్బా మీది సూచనలు చదువుతూనే ఉన్నాడు. నేను ఇచ్చే కాగితాలు తప్ప మిగతావన్నీ ఆయన శ్రద్ధగా చదువుతాడని అప్పుడు తెలిసింది.

ఆరు వారాలు ప్యాకింగులో గడిచాయి. మొదటి రోజు అక్కడి ఆడవాళ్ళు, కంప్రెసర్ రాజుగారు వేంచేశారు, ఎవరైనా కుర్చీ వెయ్యండమ్మా అని ఆట పట్టించారు. రెండో వారానికి ఆయన డబ్బాల మీద లేబుళ్ళు వాళ్ళకన్నా తిన్నగా అంటిస్తున్నాడు. మూడో వారం ఒక మధ్యాహ్నం లేబులు అంటిస్తున్నవాడు చెయ్యి ఆపి, తల ఎత్తి, రెండో మిషనుకి ఆయిలు తగ్గింది, వెళ్ళి చెప్పండి అన్నాడు. మధ్యలో రెండు గోడలున్నాయి. వెళ్ళి చూస్తే నిజంగానే తగ్గింది. పిన్ని ఆయన పళ్ళెంలో రెండో వడ్డన తగ్గించలేదు, పైగా అల్లం కషాయం మొదలుపెట్టింది. అది కూడా గిన్నె వంచే. నేను ఆ రోజుల్లో ఫారం మళ్ళీ రాశాను, ఈసారి ప్యాకింగులో మావయ్య పక్కన కూర్చుని. ఆయాసం అన్న మాట తీసేసి, "రెండు అంతస్తులు మెట్లెక్కితే మధ్యలో ఆగాల్సి వస్తుందా" అని పెట్టించాడు. ఊపిరాడకపోవడం పక్కన "పని లేనప్పుడు కూడా" అని కలిపించాడు. ఇరవై ఏళ్ళు మిషన్లతో మాట్లాడిన మనిషి ప్రశ్న ఎలా వెయ్యాలో నాకన్నా బాగా తెలిసినవాడు.

ఆరు వారాలయ్యాక మేమిద్దరమే బస్సులో గుడివాడ వెళ్ళాం. మెట్ల దగ్గర నేను వెనక నడిచాను. ఫోటో స్టూడియో బోర్డు దగ్గర ఆయన ఆగలేదు. నేను ఆగాను, కొంచెం. పైన ఊదించారు, వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి వేగంగా నడిపించారు, మళ్ళీ ఊదించారు. టెక్నీషియన్ అమ్మాయి పాత గొంతుతోనే అరిచింది. గీత ఎక్కవలసినంత ఎక్కింది. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశారు. మందు మానకూడదు, ప్రతి ఆరు నెలలకీ రావాలి, చిన్న లీకైనా మాస్కు లేకుండా అడుగు పెట్టకూడదు, ఒప్పుకుంటేనే అన్నారు. మూడింటికీ తల ఊపాడు. ఆవిడ సంతకం పెట్టి, ముద్ర వేసి, కాగితం బల్ల మీద ఇటు తోశారు. మావయ్య దాన్ని వెంటనే ముట్టుకోలేదు. ముందు చొక్కాకి చేతులు తుడుచుకున్నాడు.

కాగితం అడుగున ఇంకో గడి ఉంది, కార్మికుడి సొంత మాటల్లో ప్రస్తుత ఆరోగ్యం అని. నాకు ఆనందం ఎక్కువైతే చెయ్యి ఊరుకోదు. జేబులోంచి పెన్ను తీసి, మూత తీసి, మావయ్యా, మంచి వాక్యం ఒకటి తట్టింది, రాసేస్తాను, మీరు సంతకం పెడితే చాలు అన్నాను. డాక్టరమ్మ తలెత్తారు.

ఆయన నా చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు, కాగితం తన వైపు లాక్కున్నాడు.

"మీరు మంచోరే సార్. నా ఊపిరి సంగతి మాత్రం మీరు రాయకండి."